చేతికివ్వని మదన్‌మోహన్

మదన్‌మోహన్ ఏ వస్తువునూ మనిషి చేతికి ఇవ్వడు. దాస్తాడు. దాచిపెట్టి, అది భూమ్మీద ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద ఉందో చెప్పి, వెతుక్కోమంటాడు. ఉప్పు ప్యాకెట్టయినా అంతే, పెళ్లి పత్రికయినా అంతే.

జహీరాబాద్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లు పొలాలు కొలిచిన సర్వేయరు. గొలుసుతో మొదలుపెట్టి జీపీఎస్ మిషన్ దాకా వచ్చి రిటైరైనవాడు. రిటైరైన రోజు ఆఫీసు వాళ్లు శాలువా కప్పి, మంచి చేతి గడియారం ఇచ్చారు. ఇంటికి రాగానే భార్య త్రివేణి, "ఏది, గడియారం చూపియ్యండి" అంది.

"పదిహేడు పాయింట్ ఆరు ఎనిమిది ఒకటి రెండు" అన్నాడు మదన్‌మోహన్.

త్రివేణి హైస్కూల్లో హిందీ టీచరు. ఇరవై ఏడేళ్ల సర్వీసు. తొమ్మిదో తరగతి వెనక బెంచీని కంటిచూపుతో కూర్చోబెట్టగల మనిషి. ఆమె అరగంట వెతికాక గడియారం బియ్యం డ్రమ్ములో దొరికింది.

"సొంత ఇంట్ల ఇదేం పని?"

"జీపీఎస్‌కు అయిదు మీటర్లు అటిటు తేడా ఉంటది. మన ఇల్లు ఎనిమిది మీటర్లే. అందుకని జర కష్టమైతది" అన్నాడతను, తప్పు ఉపగ్రహానిదే అన్నట్టు.

ఈ పిచ్చి అతనికి సర్వీసు చివరి ఏడాదిలో అంటుకుంది. ఝరాసంగం దగ్గర ఒక కంది చేను కొలుస్తుంటే, ఇద్దరు బెంగళూరు వాళ్లు హద్దురాయి చుట్టూ మోకాళ్ల మీద పాకుతూ కనిపించారు. హద్దురాయి జరిపే దొంగలనుకుని మదన్‌మోహన్ గొలుసు పట్టుకుని పరుగెత్తాడు. వాళ్లు భయపడి రాయి పక్కనున్న పొదలోంచి ఒక డబ్బా తీసి చూపించారు. డబ్బాలో చిన్న నోటుబుక్కు, పెన్సిలు, రెండు గోలీలు. ఇదొక ఆటట, పేరు జియోకాషింగ్ అట. ఎవరో ఒకరు డబ్బా దాచి, అది ఉన్న జాగా అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. ఎక్కడెక్కడివాళ్లో ఫోన్ పట్టుకుని వచ్చి వెతుకుతారు. దొరికితే నోటుబుక్కులో పేరు రాసి, డబ్బాను మళ్లీ ఉన్నచోటే పెట్టి పోతారు. ఇంతే ఆట.

ముప్పై ఏళ్లుగా అతను భూమిని కొలుస్తున్నది జనం కొట్లాటలు తీర్చడానికే. అదే కొలతతో ఆడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఆ చేను కొలత సగంలోనే ఆగిపోయింది.

ఇక అక్కణ్నుంచి అతన్ని పట్టడం ఎవరి వల్లా కాలేదు. మేనకోడలి పెళ్లికి పత్రికలు పంచే పని అప్పజెబితే, నలభై పత్రికలూ ఊరంతా దాచి, నలభై మందికి అంకెలు మెసేజ్ పెట్టాడు. ముగ్గురు అలిగారు. ఒకాయనకు తన పత్రిక దొరక్క ఇంకొకరిది దొరికి, ఆ ఇంకొకరి పేరు మీదే పెళ్లికొచ్చి భోజనం చేసి వెళ్లాడు. తన బీపీ మాత్రలు కూడా దాచుకుని, అంకెలు రాసుకున్న కాగితాన్ని ఇంకో చోట దాచి, ఆ చోటు మరిచిపోయాడు. డాక్టరు బీపీ ఎందుకు పెరిగిందని అడిగితే త్రివేణి మాత్రలు మళ్లీ రాసివ్వమంది.

పొద్దున వాకింగుకు వచ్చేవాళ్లకు పాఠాలు కూడా మొదలుపెట్టాడు.

"పొదల చెయ్యి పెట్టే ముందు కట్టె పెట్టాలె. మనకంటే ముందు తేలు వెతుకుతుంటది. తినే వస్తువులు డబ్బాల పెట్టొద్దు, చీమలు నోటుబుక్కు మీద సంతకం పెడతయి. మూత బిగుతుగ ఉండాలె, లేకుంటే వానకు పేర్లన్నీ కలిసిపోయి అందరూ చుట్టాలైతరు. పెన్ను మనదే తీస్కపోవాలె. డబ్బాలకెళ్లి ఏదన్న తీసుకుంటే దానికి తగ్గది పెట్టాలె. అన్నిటికంటే ముఖ్యం, వెతుకుతున్నట్టు ఎవ్వరికీ కనపడొద్దు."

"మరి ఎట్ల వెతకాలె?" అని ఎవరో అడిగారు.

"నేనైతే వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు చేస్త."

"మీరు వేసుకునేవి చెప్పులు కద సార్."

"అందుకే ఇప్పటిదాక నన్నెవరూ అనుమానించలే. పిచ్చోడనుకుని పోతరు."

త్రివేణి ఇవన్నీ భరించింది. భరించడానికి కారణం, అతను దాచిన డబ్బాలు ఇంటికి, వాకింగు గ్రౌండుకు మాత్రమే పరిమితమని ఆమె అనుకోవడం. మొన్న మంగళవారం దాకా అలాగే అనుకుంది.

ఆ మంగళవారం పొద్దున చిరాగ్‌పల్లి దాటాక హైవే కల్వర్టు కింద మేకలు కాచే ఆయనకు ఒక స్టీలు టిఫిన్ డబ్బా కనిపించింది. దానికి నల్ల టేపు చుట్టి ఉంది. ఆయన మేకల్ని దూరంగా తోలి పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు. తాడు కట్టారు. లారీలు ఆగాయి. సంగారెడ్డి నుంచి కుక్క వచ్చింది. కుక్క డబ్బాను వాసన చూసి, ఆసక్తి లేనట్టు పక్కకు తిరిగి కూర్చుంది. అప్పుడు మూత తీశారు. లోపల నోటుబుక్కు, మొదటి పేజీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు:

"మిత్రమా, అభినందనలు. నీవు నన్ను కనుగొన్నావు. నీ పేరు, తేదీ రాయగలవు." కింద మదన్‌మోహన్ పేరు, ఫోన్ నంబరు.

కొత్తగా వచ్చిన ఎస్సై రేఖ ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"కల్వర్టు కింద డబ్బా మీదేనా?"

"దొరికిందా మేడం?" మదన్‌మోహన్ గొంతులో సంతోషం పొంగింది. "ఎంతసేపు పట్టింది?"

"రెండు గంటలు. కుక్క సాయంతోని."

"కుక్క సాయం రూల్స్‌ల లేదు మేడం" అన్నాడు మదన్‌మోహన్. "అయినా కొత్తవాళ్లు కద, పర్వాలేదు. పేరు రాసిన్రా?"

పావుగంటలో అతను ఠాణాలో ఉన్నాడు. అరగంటలో, క్లాసు మధ్యలోంచి పిలిపించబడిన త్రివేణి కూడా అక్కడే ఉంది, చేతికి చాక్‌పీసు పొడితో.

"ఇసొంటివి ఇంకెన్ని ఉన్నయి?" అడిగింది రేఖ.

"ఊరి బయట మూడు" అన్నాడు మదన్‌మోహన్.

త్రివేణి అతని వైపు చూసింది. తొమ్మిదో తరగతి వెనక బెంచీకి తెలిసిన చూపు అది.

"ఏడేడ ఉన్నయి?"

"పదిహేడు పాయింట్..."

రేఖ పెన్ను కింద పెట్టింది. "సార్, ఊరి పేర్లు చెప్పుండ్రి."

"చిరాగ్‌పల్లి. రాయికోడ్. ఝరాసంగం." ఆ మూడు పేర్లు పలకడం అతనికి ఓటమిలా ఉంది.

"హైవే మీద, బ్రిడ్జి కింద ఎవరన్న దిక్కులేని డబ్బా పెడితే మేమేమనుకోవాలె? మీరు చదువుకున్నోళ్లు, గవర్నమెంటుల చేసినోళ్లు. గక్కడెందుకు పెట్టిన్రు?"

"అక్కడ పొద్దుగూకేటప్పుడు ఎర్రమట్టి మీద ఎండ చానా బాగుంటది మేడం. వచ్చినోళ్లు చూస్తరని పెట్టిన. కల్వర్టు కింద పెట్టుడు నాదే తప్పు."

రేఖ తెరిచిన రిజిస్టరు మూసింది. మంచి మనిషి కాబట్టి కేసు రాయలేదు. మంచి ఎస్సై కాబట్టి ఊరికే వదల్లేదు. "రేపు పొద్దుగూకే లోపల మిగిలిన మూడు డబ్బాలూ నా టేబుల్ మీద ఉండాలె. జమానత్ ఎవరు?"

త్రివేణి పూచీ సంతకం పెట్టింది. హిందీలో పెట్టింది, కోపం వస్తే ఆమె సంతకం హిందీలోకి మారుతుంది.

ఆ సాయంత్రం మదన్‌మోహన్ ఏదీ దాచలేదు. త్రివేణి కళ్లజోడు అడిగితే, టీవీ మీద నుంచి తీసి తిన్నగా ఆమె చేతిలో పెట్టాడు. రెండేళ్లలో మొదటిసారి. త్రివేణికి అది ఎందుకో నచ్చలేదు. కళ్లజోడు పెట్టుకుంది గానీ పేపరు చదవబుద్ధి కాలేదు.

మర్నాడు ఆమె సెలవు పెట్టి, పెద్ద గుడ్డ సంచి తీసుకుని స్కూటరు వెనక కూర్చుంది. ఒక్కణ్నే పంపితే అతను మూడు తీసి, దార్లో నాలుగు దాచి వస్తాడని ఆమె లెక్క.

మొదట చిరాగ్‌పల్లి. హైవే పక్కన సాల్మన్ పంక్చరు షాపు. షాపంటే రేకులు, గాలి మిషను, ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత లారీ టైర్లు. సాల్మన్ ఇదివరకు లారీ డ్రైవరు. నడుము నొప్పి వచ్చి బండి దిగాడు. వాళ్లను చూడగానే బెంచీ తుడిచి, "రా అక్కా, కూసో. సర్వేయర్ సాబ్, ఈ వారం ఇద్దరు వచ్చిపోయిన్రు" అన్నాడు.

"డబ్బా తీస్కపోనీకి వచ్చినం" అంది త్రివేణి.

సాల్మన్ గుడ్డ పట్టుకునే నిలబడిపోయాడు. "ఎందుకక్కా? నేను మంచిగనే చూసుకుంటున్న కద."

త్రివేణి కంటికి అప్పుడు గోడ కనిపించింది. సిమెంటు గోడ మీద చాక్‌పీసుతో ఊళ్ల పేర్లు: పూణె, బెళగావి, నాందేడ్, కొచ్చి, ఖమ్మం. చివర పెద్ద అక్షరాలతో జర్మనీ.

"జర్మనీ ఎవరు?"

"ఇక్కడ కంపెనీల మిషన్లు బిగియ్యనీకి వచ్చిన ఇంజనీరక్కా. నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకు హిందీ రాదు. రెండు గంటలు మాట్లాడుకున్నం. ఆయన కూడ చిన్నప్పుడు లారీ నడిపిండంట. లేకుంటే వాళ్ల నాయన నడిపిండంట. ఇద్దరిల ఎవరో ఒకరు." సాల్మన్ టైర్ల మధ్యలో చెయ్యి పెట్టి, ఒక ఇనప రిమ్ముకు అయస్కాంతంతో అతికించిన చిన్న డబ్బా ఊడదీశాడు. "ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చినంక బండ్లు ఆగుతలేవక్కా. ఆగినా మనిషి దిగడు, కిటికీల నుంచే గాలి పట్టమంటడు. ముప్పై ఊళ్లు తిరిగినోన్ని, నోరు మూసుకుని ఎట్లుండాలె? ఈ డబ్బా వచ్చినంక మనుషులు దిగుతున్నరు. యాడికెళ్లి వచ్చిన్రో అడుగుత. నేను చూసిన ఊరైతే ఇగ కతనే."

డబ్బా త్రివేణి చేతికిచ్చాడు. ఇచ్చి, "ఆ నోటుబుక్కన్న ఇడిసిపెట్టి పోరాదు" అన్నాడు మెల్లగా.

త్రివేణి నోటుబుక్కు అతనికిచ్చి, ఖాళీ డబ్బా సంచిలో వేసుకుంది. స్కూటరు మీద కొంత దూరం పోయాక అడిగింది.

"సాల్మన్ సంగతి నాకెన్నడూ చెప్పలే."

"నువ్వే కనుక్కుంటవనుకున్న" అన్నాడు మదన్‌మోహన్.

రాయికోడ్ చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడ ఒక చిన్న లైబ్రరీ. దాన్ని చూసుకునే చెన్నబసప్ప, పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ కూర్చున్నాడు. ఇక్కడి డబ్బాది పుస్తకం ఆకారం. దళసరి అట్టల మధ్య బోలుగా చేసి, బయట పసుపు కాగితం అంటించి, మూడో బీరువాలో పుస్తకాల మధ్య పెట్టాడు మదన్‌మోహన్. చూస్తే లేదు.

"మళ్ల జరిపిన్రా చెన్నబసప్పగారు? ఉన్న జాగలనే ఉండాలె. అంకెలు ఇంటర్నెట్‌ల ఉన్నయి."

"మూడో బీరువాకు, అయిదో బీరువాకు రెండు అడుగులే తేడా సాబ్. మీ ఉపగ్రహానికి గంత కండ్లుండవు."

"రూల్స్..."

"రూల్స్ ప్రకారం పెడితే నాలుగో పుస్తకానికే దొరుకుతది. మిగిలిన పుస్తకాలను ముట్టుకునేదెవరు? మొన్న హైదరాబాద్ పిల్ల ఒకామె నలభై పుస్తకాలు కిందికి దించింది. మూడు చదువుకుంట ఇక్కడనే కూసున్నది, డబ్బా సంగతే మరిచిపోయింది. ఈ ఊరి పోరగాండ్లు గూడ ఏం వెతుకుతున్నరో చూద్దామని వస్తున్నరు. మెంబర్లు తొమ్మిదిమంది ఉండె. ఇప్పుడు డెబ్బై దాటిన్రు."

"ఇప్పుడు ఏ బీరువాల ఉన్నది?" అడిగింది త్రివేణి.

"నాకు యాదికి లేదమ్మా" అన్నాడు చెన్నబసప్ప, కళ్లజోడు సర్దుకుంటూ. అతనికి బాగా యాదికుంది.

త్రివేణి చీర కొంగు నడుముకు చెక్కి వెతకడం మొదలుపెట్టింది. మొదట కోపంగా వెతికింది. రెండో బీరువా దగ్గరికొచ్చేసరికి కోపం సంగతి మరిచి వెతికింది. మధ్యలో ఒక పాత హిందీ వ్యాకరణం దొరికితే దాన్నిండా తప్పులు చూపించి చెన్నబసప్పకు పావుగంట పాఠం చెప్పింది. ఆయన ఎంతో శ్రద్ధగా విని, ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోవడానికి సభ్యత్వం రాయించుకోమన్నాడు. ఆఖరికి ఆరో బీరువా కింది అరలో, పాత పంచాంగాల వెనక, ఆమె చేతికి పసుపు కాగితం తగిలింది.

"దొరికింది" అని అరిచింది త్రివేణి. బయట అరుగు మీద కూర్చున్న ఇద్దరు లేచి లోపలికి తొంగిచూశారు. మదన్‌మోహన్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, అతని భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. త్రివేణి కొంగు సర్దుకుని, ముఖం గంభీరంగా పెట్టి, డబ్బాను సంచిలో వేసింది. సంచి తేలికగానే ఉంది. మోయడం మాత్రం కష్టంగా ఉంది.

తిరుగుదారిలో ఝరాసంగం పాత రోడ్డు. కొత్త రోడ్డు అరకిలోమీటరు అవతల వెడల్పుగా పడ్డాక, ఇటు బస్సులు రావడం మానేశాయి, షేరింగు ఆటోలూ మానేశాయి. ఆ రోడ్డు మీద మహాదేవమ్మ రేకుల పాక ఉంది. లోపల పొయ్యి, రొట్టెల పెనం, ఒక బల్ల. మహాదేవమ్మ త్రివేణిని చూసి, "నువ్వు సర్వేరు సారు ఇంటామెవా? కూతుకో బిడ్డా, కూతుకో" అని కన్నడం కలిపి కూర్చోబెట్టింది.

"డబ్బా..." అంది త్రివేణి.

"ముందు రెండు రొట్టెలు తిను. తినకుంటే డబ్బా ఏడున్నదో నేనెవరికీ చెప్ప. కలెక్టరొచ్చినా అంతే."

మదన్‌మోహన్ చేతులు కడుక్కోవడానికి పాక వెనకకు వెళ్లాడు. మహాదేవమ్మ జొన్నపిండి ముద్దను చేత్తో చరుస్తూ, గొంతు తగ్గించింది.

"ఏమనుకోకు బిడ్డా. సారు మంచోడు. గీడ భూములు కొలిచినన్ని ఏండ్లు నా రొట్టెనే తిన్నడు. రిటైరైనంక మతి జర చెదిరింది. డబ్బాలు దాస్తుండు. ఈడ ఒకటి పెట్టుకుంటనమ్మా అని చిన్నపిలగాని లెక్క అడిగిండు. మనసు నొప్పిచ్చుడెందుకని పెట్టుకోనిచ్చిన. ఎవరెవరో వెతుక్కుంట వస్తరు. ఆకలి మీద వస్తరు గద, నేనే తినమంట. ఆదివారం కూసోనీకి జాగ ఉండది. నువ్వు ఫికర్ చెయ్యకు, ఆయన్ను చూసి ఇక్కడ ఎవరూ నవ్వకుండ చూసుకుంటున్న."

త్రివేణి నోట్లో రొట్టె ముక్క పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికి. పుంటికూర పుల్లగా, రొట్టె వేడిగా ఉంది. మదన్‌మోహన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మెల్లగా అడిగింది.

"రోడ్డు మారినంక ఈమెకు ఏదన్న సాయం చేద్దామని నాకెందుకు చెప్పలే?"

"ఒకసారి సాయం చేస్తనన్న. చీపురు తీసి చూపిచ్చింది." అతను పొయ్యి వైపు చూసి గొంతు తగ్గించాడు. "సాయమంటే ఎవరూ తీసుకోరు త్రివేణీ. ఆటంటే కాదనరు. చెప్తే మళ్ల సాయమైపోతదని నీకు గూడ చెప్పలే."

త్రివేణి రెండో రొట్టె పూర్తి చేసింది. చెయ్యి కడుక్కుని ఫోన్ తీసి, ఎస్సై నంబరు నొక్కింది.

"మేడం, నేను త్రివేణి, హిందీ టీచర్‌ను. డబ్బాలు టేబుల్ మీదికి రావు." మదన్‌మోహన్ చేతిలోని రొట్టె గాలిలోనే ఆగింది. "మూడు డబ్బాలు ఎవరి జాగల ఉన్నయో వాళ్లతోని రాయించి తెస్త. ప్రతి డబ్బా పైన మా పేరు, ఫోన్ నంబరు పెద్దగ రాపిస్త. బ్రిడ్జిలు, కల్వర్టుల జోలికి ఇగ పోడు. పోతే నన్ను లోపలేయుండ్రి."

అవతల పెన్ను చప్పుడు ఆగింది. పాకలో మాత్రం చప్పుడు ఆగలేదు.

"ఆ చప్పుడేంది మేడం?" అడిగింది రేఖ.

"జొన్నరొట్టెలు చేస్తున్నరు."

"చేత్తోని కొట్టి చేస్తరా?"

"చేత్తోనే. పుంటికూర, పచ్చిమిరపకాయ తొక్కు."

అవతల డ్యూటీ కాగితాలు తిరగేసిన చప్పుడు. "రాయించినవి రేపు సాయంత్రం తెండ్రి" అంది రేఖ. "ఆదివారం ఆ దిక్కు డ్యూటీ ఉన్నట్టుంది, ఒకసారి జాగ కూడ చెక్ చేసిపోత."

త్రివేణి ఫోన్ సంచిలో వేసి, "వాపసు పోయేటప్పుడు సాల్మన్ డబ్బా ఇచ్చిపోదం" అంది. "లైబ్రరీది రేపు నేను పోయి పెడత. ఆ వ్యాకరణం పుస్తకం ఇంక సగం ఉన్నది."

అప్పుడే బయట ఒక మోటారు సైకిలు ఆగింది. బీదర్ నంబరు. ఒకాయన, వెనక ఆయన భార్య. ఇద్దరూ దిగి ఫోను చూసుకున్నారు. పాక చూశారు. పాకలో మనుషుల్ని చూడగానే ఆయన వంగి, మంచిగా ఉన్న టైరును అటూ ఇటూ నొక్కి చూడటం మొదలుపెట్టాడు. ఆమె ఎప్పుడూ ఆకాశం చూడనట్టు ఆకాశం చూస్తోంది.

మదన్‌మోహన్ ఏదో చెప్పబోయాడు. త్రివేణి అతన్ని ఆపి, గడప దాకా వెళ్లి బల్ల చూపించింది.

"టైరు మంచిగనే ఉన్నది గాని, మీరు చేతులు కడుక్కుని కూసోండి. తిన్నంక వెతుకుదురు."

లోపల మహాదేవమ్మ అప్పటికే ఇంకో నాలుగు ముద్దలు చేసింది.